అలుగు లేని మిద్దె

పడమటి ఆకాశం మసిబారి, దాని అంచున ఇత్తడి రంగు కనిపించిందంటే ఇప్పటికీ నా కాళ్లు నన్ను అడగకుండానే డాబా మెట్ల వైపు నడుస్తాయి. ఉద్యోగ విరమణ చేసిన వ్యక్తి వాన వస్తే ఇంట్లోకి రావాలి. నేను బయటికి వెళతాను. ఇంట్లోవారు మందలించడం ఎప్పుడో మానేశారు.

కప్పుల మరమ్మతు నా వృత్తి. ఒక పెద్ద సంస్థ క్వార్టర్లలో నిర్వహణ విభాగపు ఇంజనీరుగా చేరాను. విరమణ తరువాత మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కాలనీలలో కారే ఇళ్లను చూసి సలహా చెబుతున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే యువతీ యువకుల కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నాకు ఏ హోదా ఎప్పుడు వచ్చిందో, ఏ దస్త్రం ఎవరి బల్ల మీద ఆగిందో ఇందులో ఉండదు. వాటివల్ల ఎవరి కప్పూ ఆరలేదు.

గొడుగు లాక్కున్న అధికారి

మా మొదటి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు మేడ్చల్ ప్రాంతపువారు. చెరువుల పనిలో ఏళ్ల తరబడి ఉండి భవనాల విభాగానికి వచ్చారు. నేను చేరిన తొలి వర్షాకాలంలో, కుండపోత వానలో, కొత్తవాళ్లందరినీ ఒక మిద్దె మీదికి రమ్మన్నారు. గొడుగులతో వెళ్లాం. ఆయన ఒక్కొక్కరి చేతిలోంచి గొడుగు తీసుకుని మెట్ల గదిలో పడేశారు.

“గొడుగు కింద నిలవడ్డోనికి కప్పు కనవడది. తడువుండ్రి” అన్నారు.

ప్రథమ శ్రేణి పట్టాలు పుచ్చుకున్నవాళ్లం, బట్టలు ఒంటికి అతుక్కుని, తలలు వంచుకుని నిలబడ్డాం. తలలు వంచుకోవడం వల్లనే చూడవలసినది చూశాం. పటంలో గీసిన వాలు ప్రకారం నీరు నడవడం లేదు. ఒకచోట ఆగుతోంది, పక్కకు తిరుగుతోంది, చిన్న గతుకు దగ్గర సుడి తిరిగి మళ్లీ బయలుదేరుతోంది. నాలో ఏదో వెలిగింది. ఇంత సజీవమైన విషయాన్ని తరగతి గదిలో ఎవరూ నాకు చూపించలేదు.

అక్కడే ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగారు. చెరువుకు తూము ఎందుకు? పొలానికి నీరు వదలడానికి అన్నాను. మరి అలుగెందుకు? నేను నిల్వ సామర్థ్యం, అధిక ప్రవాహం అంటూ పుస్తకం అప్పజెప్పాను.

“గంత కథెందుకయ్యా? కట్ట తెగకుండ. తూము మూసుకపోయినా మీదికెళ్లి నీళ్లు వోతయి. మరి మనం కట్టే మిద్దెకు తూమున్నది. అలుగేది?”

ఆయనలో లోపాలు లేవని అనను. ఎదుటివారి మాట పూర్తి కానిచ్చేవారు కాదు. మేస్త్రీలను వారి కూలీల ముందే తిట్టేవారు. అందువల్ల మంచి పనివాళ్లు కొందరు మమ్మల్ని వదిలిపోయారు. కోపం క్రమశిక్షణ కాదు. ఈ రెండింటినీ కలపవద్దని మీకు నా హెచ్చరిక. కాని ఆ ప్రశ్న మాత్రం నా వృత్తి జీవితమంతా నాతో నడిచింది.

మన మంచుకట్ట

చదువుకునే రోజుల్లో శీతల దేశాల ఇళ్ల గురించి మాకు ఒక పాఠం ఉండేది. అక్కడి వాలు కప్పుల మీద మంచు పేరుకుంటుంది. ఇంటి వెచ్చదనం పైకి పాకడంతో ఆ మంచు అడుగున కరుగుతుంది. కరిగిన నీరు జారి, గోడ దాటి ముందుకు వచ్చిన చల్లని చూరు దగ్గర మళ్లీ గడ్డకడుతుంది. ఆ గడ్డ ఆనకట్ట అవుతుంది. వెనుక వచ్చే నీరు దాన్ని దాటలేక, పెంకుల కిందికి ఎగబాకి, ఇంట్లోకి దిగుతుంది. దానికి అక్కడివారి చికిత్స గడ్డను గొడ్డలితో నరకడం కాదు. నరికితే పెంకులూ పగులుతాయి. వేడి కప్పును చేరకుండా అడ్డుపొర పరుస్తారు, కప్పు కింద గాలి ఆడనిస్తారు. అంటే నీరు కరిగే చోటును, ఆగే చోటును ముందు అర్థం చేసుకుంటారు.

పాఠం చదివాను, పరీక్ష రాశాను, మరచిపోయాను. మేడ్చల్ దగ్గరి దూలపల్లిలో మంచు ఎక్కడిది?

ఉంది. చైత్రంలో ఉంది. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం గాలి తిరిగి, రాళ్లవాన కురిసినప్పుడు మన మిద్దెల మీదా మంచు పడుతుంది. వడగండ్లు మిద్దె మీద పడినచోట పడి ఉండవు. వెంట వచ్చే వాన వాటిని తేల్చుకుంటూ నీటి గొట్టం మూల వైపు తీసుకుపోతుంది. అవి రాలగొట్టిన వేపాకు, మామిడి పూత కూడా అటే పోతాయి. అక్కడ అన్నీ కలిసి ముద్దవుతాయి. చుట్టూ పిట్టగోడ ఉన్న మన మిద్దె కాసేపట్లో చెరువవుతుంది. ఇది మన మంచుకట్ట. శీతల దేశాల కట్టకు నెలలు కావాలి. మనదానికి కాఫీ తాగేంత సేపు చాలు.

వర్షాకాలంలో కారని ఇల్లు

నన్ను దూలపల్లికి పిలిచినవారు పద్మావతి గారు. ఆమె, ఆమె భర్త సత్యనారాయణ గారు గోదావరి ప్రాంతం నుంచి వచ్చి, ఇక్కడి కొత్త కాలనీలో మేడ కట్టుకున్నారు. ఆయన బ్యాంకు ఉద్యోగి. ఆమె మేడ మీది గదిలో మగ్గం పని చేయిస్తారు. చెక్క చట్రానికి పట్టుబట్టను బిగించి, జరీ, పూసలు సూదితో కుట్టే పని అది. ఆ గది ఈశాన్యపు మూల ఉంది. చట్రం పెడితే గది నిండిపోతుంది.

విషయం ఇది. కిందటి సంవత్సరం రాళ్లవానకు ఆ గది కప్పు కారింది. చట్రం మీద ఉన్న ఒక పెళ్లికూతురి ముహూర్తపు చీర మీద తుప్పురంగు మరకలు పడ్డాయి. కాలనీలో మాట పాకింది. ఒకరి తరువాత ఒకరు వచ్చిన గుత్తేదార్లు మిద్దె మీద తెల్లటి రసాయనపు పూత మీద పూత వేసి వెళ్లారు. ఇప్పుడు నాగారం నుంచి ఒక కుటుంబం ధైర్యం చేసి తమ అమ్మాయి పెళ్లి బట్టలన్నీ ఈమెకు అప్పగించింది. మళ్లీ చైత్రం వచ్చింది.

“ఈసారి కూడా చుక్క పడిందంటే ఇక నా చేతికి ఎవరూ పట్టుబట్ట ఇవ్వరండి. నేను సూది పక్కన పెట్టెయ్యాల్సిందే” అన్నారామె.

వర్షాకాలంలో ఎంత కారిందని అడిగాను. ఒక్క చుక్క కూడా కారలేదన్నారు. రోజుల తరబడి ముసురు పట్టినా పొడిగా ఉన్న కప్పు, కాసేపటి రాళ్లవానకు కారిందా? పక్క ఇంటికీ ఆ మూలనే, అటువంటిదే గొట్టం ఉందట. అది ఎందుకు కారలేదు? మీరు ఈ వృత్తిలో ఉండదలచుకుంటే ఇటువంటి మాట వినగానే మీ గుండె కొంచెం వేగంగా కొట్టుకోవాలి. నాకు కొట్టుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాను.

నీళ్లు నింపి చూడడం

మిద్దె చూడగానే సగం కథ తెలిసింది. సత్యనారాయణ గారు ఇంటిని వాస్తు ప్రకారం కట్టించారు. ఎత్తు, బరువు నైరుతిలో ఉండాలని నీటి ట్యాంకు అక్కడ కట్టారు. నీరు ఈశాన్యానికే పారాలని మిద్దె మొత్తం వాలు ఆ ఒక్క మూలకే ఇచ్చి, ఒకే ఒక్క గొట్టం పెట్టారు. మధ్యాహ్నం దాటితే ట్యాంకు నీడ సాగి ఆ మూల మీదనే పడుతుంది. పడిన వడగండ్లన్నీ చేరే చోట ఎండ కూడా తగలదు. మంచు నిలవడానికి ఇంతకంటె చక్కని ఏర్పాటు నేను కావాలని చేసినా చేయలేను.

నా వెంట యాదగిరి మేస్త్రీ వచ్చాడు. శామీర్‌పేటవాడు. నోటి దురుసు మనిషి, పని మాత్రం శుభ్రం. గొట్టం నోటికి గోనె కుక్కి ట్యాంకు నీళ్లు వదలమన్నాను. సత్యనారాయణ గారు కంగారు పడ్డారు.

“ఇంజనీరు గారూ, కారకుండా చెయ్యమని పిలిస్తే మీరే కారిస్తారేమిటండీ?”

“గది కారితేనే సార్ కు నిద్ర పడ్తది, ఏం జేస్తం” అన్నాడు యాదగిరి.

అప్పటికి పెళ్లి చీర ఇంకా చట్రానికి ఎక్కలేదు కనుక పరీక్షకు అదే సమయం. నీరు పెరిగింది. కింద గదిలో పద్మావతి గారు కప్పును చూస్తూ నిలబడ్డారు. పైన నేను పిట్టగోడను చూస్తూ కూర్చున్నాను. తెల్ల పూత నేలంతా దట్టంగా ఉంది కాని గోడ మీదికి బెత్తెడు ఎత్తు కూడా ఎక్కలేదు. దాని పైన పాత సిమెంటు గిలాబు, సన్నని పగుళ్లు. నీరు పూత అంచును చేరేదాకా కింద పొడిగానే ఉంది. అంచు దాటిన కొద్దిసేపటికి కింది నుంచి కేక వినిపించింది. నేను లేచి నిలబడ్డాను. చెప్పకూడదు కాని, ఆ కేక నాకు సన్నాయిలా వినిపించింది.

గొట్టం తెరిచి ఉన్నంతకాలం నీరు ఆ అంచుదాకా పెరగదు. అందుకే వర్షాకాలంలో పొడిగా ఉంది. మూసుకుంటే పెరుగుతుంది. ఇంతమంది గుత్తేదార్లూ కారే చోటు వెతకలేదు. కనిపించిన చోట పూత పూశారు. ఇది మన వృత్తిలో అన్నిటికంటె సాధారణమైన సోమరితనం.

ఇక రెండో ప్రశ్న మిగిలింది: పక్కింటి గొట్టం మూసుకోకుండా ఇదే ఎందుకు మూసుకుంది? నీరు వదిలేశాక గొట్టం మీది జాలీని ఊడదీయమన్నాను. యాదగిరి లాగాడు. దాని అడుగున ఒక ముద్ద, నెమరేసి ఉమ్మిన గడ్డిలా, రంగురంగులుగా వచ్చింది. దారాలు. పట్టుపోగులు, జరీ తునకలు, మధ్యలో పూసలు. సాయంత్రం పని ముగిశాక పనివాళ్లు చట్రం కింద పరిచే దుప్పటిని మిద్దె మీద దులుపుతారట. వాన నీటిని ఆ ముద్ద జల్లెడలా వదులుతుంది. ఆకును, వడగండ్లను పట్టి ఆపుతుంది.

పద్మావతి గారు దాన్ని చేతిలోకి తీసుకుని వేళ్లతో విడదీశారు. “ఈ గులాబీ పోగు నాకు తెలుసండి. కిందటేడు పాడైన చీర మీదికి కుట్టిన జాకెట్టుది” అన్నారు. తరువాత ఆ దుప్పటిని మిద్దె మీద ఎవరూ దులపలేదు.

అమావాస్య వెళ్లాక

చికిత్స చెబుతాను, ఇది మీ మిద్దెలకూ పనికొస్తుంది. గొట్టం నోటికి చదునైన జాలీ బదులు గంపను బోర్లించినట్లు ఎత్తుగా ఉండే ఇనుప పంజరం పెట్టాలి. అడుగున ముద్ద పట్టినా పైనుంచి నీరు దిగుతుంది. పూతను పిట్టగోడ మీదికి మూరెడు ఎక్కించాలి, గోడా నేలా కలిసే మూలను గుండ్రంగా పూడ్చాకనే. వేసవి మొదట్లోనే మిద్దె ఊడ్చుకోవాలి. వీటన్నిటికంటె ముఖ్యమైనది అలుగు. పూత అంచు కంటె తక్కువ ఎత్తులో, గొట్టం మూలకు కాస్త దూరంగా, పిట్టగోడకు ఒక వెడల్పాటి కంత పెట్టాలి. సన్నని గొట్టం పెడితే మంచు దాన్నీ మూస్తుంది.

మిగతావన్నీ సత్యనారాయణ గారు ఒప్పుకున్నారు. కంత దగ్గర ఆగిపోయారు. నేను తూర్పు గోడకే చెప్పాను, తూర్పు వాస్తుకు విరుద్ధం కాదని కూడా అన్నాను. అయినా ఆయన ఊరుకోలేదు. కట్టిన గోడకు కన్నం వేయడం మాటలు కాదనీ, సిద్ధాంతి గారిని అడగాలనీ, ఆయన అమావాస్య వెళ్లాక కాని ఊళ్లోకి రారనీ చెప్పారు. యజమాని ఇల్లు యజమానిదే. ఒకరి నమ్మకాన్ని ఎగతాళి చేసి పని చేయించుకునే ఇంజనీరును నేను గౌరవించను. ఒప్పించాలి, లేదా వేచి ఉండాలి. వేచి ఉన్నాను. ఈలోగా చీర చట్రానికి ఎక్కింది. ఒకసారి బిగించి కుట్టు మొదలుపెట్టాక మధ్యలో విప్పితే బట్ట బిగువు పోయి పూల పని వంకరపోతుందని పద్మావతి గారు ముందే చెప్పారు. అంటే ఇక దాన్ని కదిపే వీలు లేదు.

ఆ ఆదివారం

పంజరం బిగించడానికి యాదగిరితో వెళ్లిన ఆదివారం మధ్యాహ్నం ఆకాశం ఇత్తడి రంగుకు తిరిగింది. పంజరం బిగించి లేస్తుండగానే మొదటి రాయి ట్యాంకు మూత మీద టంగుమంది. పని చూడడానికి పైకి వచ్చిన సత్యనారాయణ గారితో కలిసి ముగ్గురం మెట్ల గదిలోకి దూరాం. పక్కింటి ఎల్లవ్వ రోకలిని వాకిట్లోకి విసిరేసి, అరుగు మీద నిలబడి, “సాలు తండ్రీ, ఇగ సాలు” అని మొక్కుతోంది. రాళ్లవాన ఆగడానికి ఇక్కడివారు చేసే పని అది.

మిద్దె తెల్లబడింది. నేను చదివిన పాఠం నా కళ్ల ముందు జరుగుతోంది. వడగండ్లు, వేపాకు, నీరు కలిసి ఈశాన్యానికి కదిలాయి. పంజరం చుట్టూ గుట్ట పడింది. పంజరం కాసేపు పోరాడింది. తరువాత దాని తల కూడా కనిపించలేదు. యాదగిరి ఇనుప తట్టను నెత్తిన బోర్లించుకుని పారతో పరుగెత్తి మంచును పక్కకు తోశాడు. తోసినది తోసినట్లే తేలుతూ వెనక్కి వచ్చింది.

నీరు తెల్ల పూత మీదుగా పైకి ఎక్కుతోంది. సత్యనారాయణ గారు దాన్నే చూస్తున్నారు. అంచుకు రెండు వేళ్ల దూరం. కింద చట్రం మీద నాగారం పెళ్లికూతురి చీర. ఆయన ముఖంలో అమావాస్య, సిద్ధాంతి, భార్య ముగ్గురూ ఒకేసారి కనిపించారు.

“ఇంజనీరు గారూ, అది తూర్పే కదండీ?”

“తూర్పే.”

“అయితే కొట్టించెయ్యండి.”

తట్ట మీద రాళ్లు టకటకలాడుతుండగా యాదగిరి వెనక్కి తిరిగాడు. “అమాస ఇంక పోలేదు సారూ. జర సోచాయించుకోండ్రి.”

“అమావాస్య సంగతి నేను చూసుకుంటాను. నువ్వు కొట్టవయ్యా!”

ముందు నేను తూర్పు సందులోకి తొంగిచూసి, అక్కడ ఎవరూ లేరని నిర్ధారించుకుని, ఎల్లవ్వను లోపలికి పొమ్మని కేక వేశాను. ఎంత తొందర ఉన్నా ఈ క్రమం తప్పవద్దు. పైనుంచి పడే ఇటుకకు కింద ఎవరున్నారో తెలియదు. తరువాత చూపుడువేలితో గోడ మీద చోటు చూపించాను. యాదగిరి ఉలి పెట్టాడు. అతని తల మీద తట్టను సత్యనారాయణ గారు పట్టుకున్నారు. బ్యాంకులో ఎంతో గంభీరంగా కూర్చునే ఆయన జుట్టంతా వడగండ్లతో తెల్లబడి ఉంది. నాలుగంగుళాల గోడ. రెండు దెబ్బలకు గిలాబు రాలింది. నీరు పూత అంచును తాకింది. ఇంకో దెబ్బ, మరో దెబ్బ. ఇటుక కదిలింది, సందులోకి జారిపోయింది.

ఆ తరువాతి క్షణాన్ని మీకు ఎలా చెప్పాలి? నీరు ఒక్కసారి తల ఎత్తి, మంచునంతా మీద మోసుకుంటూ, ఆ కంతలోంచి సందులోకి ఎగిరి దూకింది. నిండిన చెరువు అలుగు పారడాన్ని ఇక్కడివారు మత్తడి దుంకడం అంటారు.

“మత్తడి దుంకుతాంది సారూ! సూడుండ్రి, మత్తడి!” అని అరిచాడు యాదగిరి. చేపల వేటకు పోయే కుటుంబంలో పుట్టినవాడు; ఆ దృశ్యం అతనికి పండుగ. కంత అంచున అడ్డుపడుతున్న గడ్డలను నేను రెండు చేతులతో లాగి అవతలికి వేస్తున్నాను. నా వయసు నాకు గుర్తు లేదు. నీరు తెల్ల పూత మీద ఒక్కొక్క వేలు చొప్పున వెనక్కి దిగుతోంది. నా చేతుల్లో స్పర్శ లేదు, కాని మా పాత అధికారి గొంతు మాత్రం స్పష్టంగా వినిపిస్తోంది: అలుగేది? ఇదిగో, అయ్యా. ఇక్కడుంది.

అమావాస్య వెళ్లాక ఆ కంతకు అంచులు కట్టించారు, పూతను గోడ మీదికి ఎక్కించారు. సిద్ధాంతి గారు తూర్పు దారి శుభమేనన్నారట. ఇప్పుడు ఇంటికి వచ్చినవారికి సత్యనారాయణ గారు ముందు చూపించేది దాన్నే.

కాని నేను ముగించవలసిన చోటు అది కాదు. ఆ ఆదివారం వాన వెలిశాక ముగ్గురం గబగబా మెట్లు దిగి మగ్గం గది దగ్గరికి పరుగెత్తాం. పద్మావతి గారు చీర పక్కన, ఈశాన్యపు మూల కింద, రెండు అరచేతులూ కప్పు వైపు చాచి నిలబడి ఉన్నారు. వాన మొదలైనప్పటి నుంచీ అలాగే నిలబడ్డారట, పడితే ముందు తన చేతిలో పడాలని. చేతులు పొడిగా ఉన్నాయి. నేను కప్పును చూద్దామని ఆనందంతో గడప దాటబోయాను.

ఆమె నా వైపు తిరిగారు. “అక్కడే ఆగండి! మీ చొక్కా నీళ్లన్నీ చీర మీద పడతాయి.”

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎందరో అధికారుల ఆజ్ఞలు పాటించాను. ఇంత సంతోషంగా ఏదీ పాటించలేదు. గడప బయటే, నీళ్లు కారుతూ, నిలబడిపోయాను.